ఒకడు తక్కువైన జట్టు

కబడ్డీ కోర్టు గీసేటప్పుడు చివరి గీతకు రెండు మీటర్ల వెనక ఇంకో చిన్న గడి గీస్తాం. మీటరు వెడల్పు, ఎనిమిది మీటర్ల పొడవు. రూల్ బుక్కులో దాని పేరు సిట్టింగ్ బ్లాక్. ఔటైనవాళ్లు అందులో వరసగా కూర్చోవాలి. ముందు ఔటైనవాడు ముందు, తర్వాత ఔటైనవాడు తర్వాత. ఎదుటి జట్టులో ఒకడు ఔటైతే, ఇక్కడ వరసలో మొదట ఉన్నవాడు లేచి ఆటలోకి పోతాడు. జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రనేల బడి మైదానాల్లో సున్నం డబ్బా పట్టుకుని ఆ గడి గీయడం వ్యాయామ ఉపాధ్యాయుడిగా నా ఉద్యోగంలో భాగంగా ఉండేది. చూసేవాళ్ల కళ్లన్నీ కోర్టు మీదే ఉంటాయి. నాకు మాత్రం మొదటినుంచీ ఆ గడి మీదే ధ్యాస.

ఔటవడం తప్పేమీ కాదు, ఆటలో అది ఉన్నదే. కానీ మొరటుగా పట్టినవాడిని, ఎదుటివాడిని బూతులు తిట్టినవాడిని, అంపైరు మీదికి ఉరికినవాడిని కూడా చివరికి మేం చేసేది అదే. బయట కూర్చోబెడతాం. వాడికి బదులు ఇంకొకడిని రానివ్వం. వాడి చోటు ఖాళీగా ఉంటుంది, జట్టు ఒకడు తక్కువతో ఆడాలి. కొట్టకుండా, డబ్బు గుంజకుండా, ఊరి ముందు అవమానించకుండా వేసే ఈ శిక్ష ఎట్లా కుదురుకుంది? మా ఊళ్ల చెడుగుడులో మొదలుపెట్టిన ఈ వెతుకులాట నన్ను కెనడా మంచు మైదానాల దాకా తీసుకుపోయింది. టొరంటోలో ఉండే మా చెల్లెలి కొడుకు అక్కడి ఐస్ హాకీ నియమావళి పంపినప్పుడు రాత్రంతా కూర్చుని చదివాను. ఖాళీ చోటు అనే శిక్షను వందేళ్లకు పైగా సరిదిద్దుకుంటూ వచ్చిన ఆట అది.

ముందు మా నేల సంగతి. 1956 నవంబరు 1 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. హైదరాబాద్ రాష్ట్రాన్ని విడదీసినప్పుడు బీదర్ జిల్లాలో ఎక్కువ భాగం మైసూరుకు పోయింది. ఉద్గీర్, అహ్మద్‌పూర్, నిలంగా తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా మెదక్ జిల్లాలో కలిశాయి. 2016లో అదంతా సంగారెడ్డి జిల్లా అయింది. మా తాత భూమి కాగితాల మీద జిల్లా పేరు బీదర్ అనే ఉండేది. పెళ్లి సంబంధాలు, పశువుల సంతలు, జాతరలు ఏవీ సర్కారు గీసిన గీత చూసి ఆగలేదు. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దగ్గరికి ఇప్పటికీ కర్ణాటక, మహారాష్ట్రల నుంచి జనం వస్తారు.

ఆట కూడా అట్లాగే కలగలిసింది. తెలుగు ఇళ్ల పిల్లలు చెడుగుడు అనేవాళ్లు. మరాఠీ చుట్టరికాలున్న ఊళ్లవాళ్లు హుతుతు అని కూత పెట్టేవాళ్లు. పేరు ఏదైనా ఆడేవాళ్లకు ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా శిక్ష దగ్గర వచ్చేది. రెండు ఊళ్ల జట్లు ఎదురుపడితే పెద్దలు మొదట తేల్చవలసిన ప్రశ్న ఒకటే: “సచ్చినోడు బతుకుడా, కూసునుడా?” ఔటైనవాడు మళ్లీ లోపలికి వచ్చే ఆటా, లేక జట్టంతా ఔటయ్యేదాకా కూర్చునే ఆటా అని. ఈ ఒక్కటి తేలకపోవడం వల్ల ఆట మొదలవకుండానే ఇళ్లకు పోయిన జట్లను నేను చిన్నప్పుడు చూశాను.

కబడ్డీ చరిత్ర రాసినవాళ్లు ఈ తేడాను మూడు రకాలుగా విడదీశారు. సంజీవని రకంలో ఎదుటివాడు ఒకడు ఔటైతే మనవాడు ఒకడు బతుకుతాడు. గామిని రకంలో ఔటైనవాడు జట్టంతా ముగిసేదాకా బయటే. అమర్ రకంలో ఔటైనా బయటికి పోనక్కర్లేదు, ఎదుటివాళ్లకు పాయింటు మాత్రం చేరుతుంది. ఈ మూడింటినీ నేను మూడు న్యాయాలుగా చూస్తాను. అమర్‌లో శిక్ష లెక్కల పుస్తకంలోనే ఉంటుంది, ఒంటికి తగలదు. గామినిలో ఒక్క తడబాటుకు ఆటంతా పోతుంది. మొదటి కూతలోనే దొరికిపోయిన పోరగాడు పొద్దుగూకేదాకా గట్టు మీద కూర్చుంటాడు, రేపటినుంచి ఆటకే రాడు. సంజీవనిలో శిక్ష ఉంది, దానికి ముగింపూ ఉంది, ఆ ముగింపు తన జట్టువాళ్ల చేతిలో ఉంది. బయట కూర్చున్నవాడిని లోపలికి తెచ్చేది వాడి తోటివాళ్ల కష్టమే. నా మటుకు ఆటలో మనిషి నేర్చుకోవలసింది అంతా ఆ ఒక్క ఏర్పాటులో ఉంది.

ఔట్లు కాక అసలు తప్పులకు ఊళ్లో వేరే శిక్షలుండేవి. పట్టు దొరక్కుండా ఒంటికి నూనె రాసుకొచ్చినవాడిని మట్టిలో పొర్లి రమ్మనేవాళ్లు. గోళ్లు పెంచుకొచ్చినవాడికి అక్కడే కత్తి చేతికిచ్చేవాళ్లు. ఈ రెండూ తర్వాత అచ్చులోకి కూడా ఎక్కాయి. గోళ్లు కత్తిరించి ఉండాలి, ఒంటికి నూనె గానీ జిడ్డు గానీ రాయకూడదు, నగలు పెట్టుకోకూడదు అని నేటి నియమాల్లో ఉంది. కూతకు వచ్చినవాడి నోరు మూసి దమ్ము ఆపేవాడి సంగతి మాత్రం కష్టం. నోరు మూసినా, గొంతు నొక్కినా ఆ పట్టు చెల్లదని, కూతకు వచ్చినవాడు ఔట్ కాడని అందరూ ఒప్పుకునేవాళ్లు. కానీ మూసింది చెయ్యా, తగిలింది మోచెయ్యా అని తేల్చేది ఎవరు? ఊరి పెద్దమనిషి గట్టు మీద నుంచి చూసి చెప్పిందే తీర్పు. ఆయన ఏ ఊరివాడన్న దాన్నిబట్టే తీర్పు మీద నమ్మకం ఉండేది.

కాగితం మీద నియమాలు పడమటి నుంచి వచ్చాయి. 1920ల్లో మహారాష్ట్ర, బరోడా వ్యాయామశాలలు ఈ ఆటకు కొలతలు, లెక్కలు కుదిర్చాయి. 1923లో బరోడాలో అఖిల భారత పోటీ జరిగింది. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ వాళ్లు అక్కడ ప్రదర్శన ఇచ్చారు. ఆ అమరావతి విదర్భలోది. 1938లో కలకత్తాలో జరిగిన భారత ఒలింపిక్ క్రీడల్లో కబడ్డీ చేరింది. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. దేశమంతా ఒకే ఆట ఆడాలంటే మూడు న్యాయాల్లో ఒకటి ఎంచుకోవాలి. సంజీవనిని ఎంచుకున్నారు. ఆ ఎంపిక చేసినవాళ్లకు నేను మనసులో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నాను.

సరిగ్గా అదే రోజుల్లో భూగోళానికి అవతలి వైపు ఇంకో ఆట ఇదే ప్రశ్నతో తలపడుతోంది.

ఐస్ హాకీ చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. సుమారు అరవై మీటర్ల పొడవు, ఇరవై ఆరు మీటర్ల వెడల్పు ఉన్న మంచు పలక. చుట్టూ గోడ, దాని మీద అద్దం. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు. కాళ్లకు ఇనుప పట్టీల బూట్లు, చేతిలో కర్ర, బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. మనుషులు గుర్రాల వేగంతో జారుతూ ఒకరినొకరు గుద్దుకోవడం ఆటలో ఒప్పుకున్న విషయమే. అటువంటి చోట ఏది ఆట, ఏది నేరం అని గీత గీయడం ఎంత కష్టమో కబడ్డీ అంపైరుకు చెప్పనక్కర్లేదు.

1917 నవంబరు 26న మాంట్రియల్ విండ్సర్ హోటల్‌లో నేషనల్ హాకీ లీగ్ పుట్టింది. అప్పటికి గోల్‌కీపర్ పక్‌ను ఆపడానికి కింద పడితే అది కూడా తప్పే, నిలబడే ఆపాలి. అటావా జట్టు గోల్‌కీపర్ క్లింట్ బెనెడిక్ట్ జారిపడ్డట్టు నటిస్తూ మోకాళ్ల మీదికి వచ్చేవాడు. ప్రార్థన చేస్తున్నాడని ప్రేక్షకులు ఎగతాళి చేసేవాళ్లు. 1918 జనవరిలో లీగ్ ఆ నియమాన్ని ఎత్తేసింది. అందరూ చేస్తున్న పనిని, ఆటకు చేటు లేని పనిని నేరమనడం మానేశారు. శిక్షల చరిత్రలో ఇదీ ఒక మంచి రోజే అనుకుంటాను.

1918–19 సీజనుకు శిక్షలను మూడు మెట్లుగా పెట్టారు. చిన్న తప్పుకు మూడు నిమిషాలు, పెద్ద తప్పుకు ఐదు నిమిషాలు, ఘోరమైన దానికి మిగిలిన ఆటంతా. ఆ సమయం గడిచేదాకా బదులు మనిషి లేడు. 1921–22లో మూడు నిమిషాలను రెండుకు తగ్గించారు. ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి. కాలికి కర్ర అడ్డం పెట్టినా, కర్రతో లాగినా, పక్ లేనివాడిని అడ్డగించినా రెండు నిమిషాల మైనర్. ముష్టియుద్ధానికి ఐదు నిమిషాల మేజర్. నోటి దురుసుకు, క్రమశిక్షణ తప్పినందుకు పది నిమిషాలు, కానీ దీనికి మాత్రం బదులు ఆటగాడిని దింపుకోవచ్చు. నోరు జారింది వాడిది, జట్టు చోటు ఎందుకు పోవాలి అని వాళ్ల ఆలోచన కాబోలు. ఈ ఒక్కదానితో నేను ఏకీభవించను. నోటి దురుసును అలవాటు చేసేది జట్టే.

గోల్‌కీపర్ తప్పు చేస్తే ఏం చేయాలన్న చోట వాళ్లు చూపిన తెలివి నాకు బాగా నచ్చింది. గోల్‌కీపర్‌ను బయటికి పంపితే ఆటే ఉండదు. అందుకని వాడి రెండు నిమిషాలు తోటి ఆటగాడు ఒకడు పోయి కూర్చుంటాడు. చేసింది ఒకడు, కూర్చునేది ఇంకొకడు. ఇది మొదటిసారి చదివినప్పుడు మా బడి పిల్లలకు చెప్పాను. “అట్లెట్ల సార్, ఆయనేం జేసిండు?” అని ఒకడు అడిగాడు. ఏమీ చేయలేదు, జట్టులో ఉన్నాడు అంతే అన్నాను. పిల్లలు దాని గురించి చాలాసేపు వాదించుకున్నారు.

ఖాళీ చోట్లు ఎన్ని దాకా? కబడ్డీలో ఏడుగురూ ఒక్కొక్కరుగా పోవచ్చు. అందరూ పోతే ఎదుటివాళ్లకు లోనా, అంటే రెండు అదనపు పాయింట్లు, వెంటనే జట్టంతా మళ్లీ లోపలికి. ఐస్ హాకీలో అట్లా కుదరదు. 1925–26లో వాళ్లు కింది హద్దు గీశారు: ఎన్ని పెనాల్టీలు పడ్డా గోల్‌కీపర్‌తో కలిపి నలుగురికి తగ్గకూడదు. మూడోవాడికి కూడా శిక్ష పడితే వాడు పోయి కూర్చుంటాడు గానీ వాడి చోటులో ఇంకొకడు ఆడతాడు, ముందువాళ్లలో ఒకరి సమయం తీరాకే వాడి గడియారం మొదలవుతుంది. వరస తప్పదు. మా సిట్టింగ్ బ్లాకు వరస లాంటిదే ఇది కూడా.

కర్రతో వెనక నుంచి పడగొట్టి ఖాయమైన గోలును ఆపినవాడి సంగతేమిటి? రెండు నిమిషాలు కూర్చుంటే గోలు తప్పింది కదా, లాభమే కదా! ఈ చిక్కును పడమటి తీరపు లీగ్ నడిపిన పాట్రిక్ సోదరులు విప్పారు. అన్యాయమైనవాడికి ఒంటరిగా గోల్‌కీపర్ ఎదుటికి పోయే అవకాశం ఇమ్మన్నారు. 1921 డిసెంబరు 12న టామ్ డండర్‌డేల్ అట్లా మొదటి గోలు కొట్టాడు. పెద్ద లీగ్ దాన్ని తీసుకునేసరికి 1934 అయింది.

ఈ చరిత్రలో నన్ను అన్నింటికన్నా ఆపింది 1955. ఆ ఏడు మార్చి 13న బోస్టన్‌లో జరిగిన కొట్లాటలో మాంట్రియల్ వీరుడు మారిస్ రిచర్డ్ లైన్స్‌మన్‌ను కొట్టాడు. లీగ్ అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్ అతన్ని మిగిలిన సీజనుకు, ఆపై ప్లేఆఫ్‌లకు కూడా పక్కన పెట్టాడు. 17న మాంట్రియల్ మైదానంలోకి క్యాంప్‌బెల్ వచ్చి కూర్చోగానే అల్లరి మొదలైంది, బాష్పవాయువు పేలింది, ఆట ఆగిపోయింది, ఊరి వీధుల్లో రాత్రంతా అద్దాలు పగిలాయి. ఫ్రెంచి మాట్లాడే జనానికి రిచర్డ్ తమవాడు, శిక్ష వేసినవాడు ఇంగ్లిషు మాట్లాడేవాడు. అంపైరు మీద చెయ్యి వేసినవాడిని బయట పెట్టడం సరైనదే అని నేను గట్టిగా నమ్ముతాను. అయినా గట్టు మీది పెద్దమనిషి ఏ ఊరివాడని మా వాళ్లు అడిగిన ప్రశ్నే అక్కడా వినిపిస్తుంది.

అదే ఏడు నవంబరు 5న అదే మాంట్రియల్ జట్టులో జాన్ బెలివో బోస్టన్ మీద 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. అప్పుడు ఎదుటి జట్టు తక్కువ మందితో ఆడుతోంది. ఆ రోజుల్లో రెండు నిమిషాలంటే రెండు నిమిషాలే. ఎన్ని గోల్స్ పడినా బయటివాడు లేవకూడదు. ఒక్క కర్ర అడ్డం పెట్టినందుకు మూడు గోల్స్ పోవడం శిక్షా, విధ్వంసమా? 1956–57 సీజను నుంచి మైనర్ పెనాల్టీ పడినవాడు ఎదుటివాళ్లు ఒక గోలు కొట్టగానే తిరిగి రావచ్చన్నారు. మాంట్రియల్‌ను ఆపడానికే పెట్టారని కొందరు అంటారు. కారణం ఏదైనా ఫలితం న్యాయంగా ఉంది. తప్పుకు ధర గోలు. ఆ ధర చెల్లిస్తే ఖాతా మూసేయాలి. మేజర్‌కు మాత్రం ఆ సడలింపు లేదు, ఐదు నిమిషాలూ కూర్చోవలసిందే.

పెట్టె సంగతి కూడా చెప్పాలి. శిక్ష పడినవాళ్లు కూర్చునే చోటును అక్కడ పెనాల్టీ బాక్స్ అంటారు. చాలాకాలం రెండు జట్లకూ ఒకటే పెట్టె. కొట్టుకుని బయటికి పంపబడిన ఇద్దరూ పక్కపక్కనే కూర్చోవాలి. 1963 అక్టోబరు 30న టొరంటోలో బాబ్ పల్ఫర్డ్, టెరీ హార్పర్ ఆ పెట్టెలోనే మళ్లీ కలబడ్డారు. కొద్దిరోజుల్లో ఆ మైదానంలో వేరుచేశారు, 1965–66 నాటికి లీగ్ అంతటా రెండు పెట్టెలు తప్పనిసరి అయ్యాయి. శిక్షకు చల్లబడే చోటు కూడా కావాలని అర్థమైంది. కబడ్డీ కోర్టుకు సిట్టింగ్ బ్లాకులు రెండు చివర్లా వేర్వేరుగా ఉన్నందుకు అప్పుడు నేను సంతోషించాను.

అయినా అందరూ చల్లబడలేదు. ఫిలడెల్ఫియా ఆటగాడు డేవ్ షుల్ట్జ్ 1974–75లో ఒక్క సీజనులో 472 నిమిషాల శిక్ష మూటగట్టుకున్నాడు. అతని జట్టు ఆ ఏడు కప్పు గెలిచింది కూడా. భయపెట్టడం ఎత్తుగడగా మారితే ఖాళీ చోటు ధర కూడా చవకగా కనిపిస్తుంది. అందుకే 1992లో గొడవకు తొలి అడుగు వేసినవాడికి అదనపు శిక్షను గట్టి చేశారు.

రెఫరీలలో నాకు ఇష్టమైనవాడు బిల్ చాడ్విక్. కుర్రతనంలోనే ఆటలో దెబ్బ తగిలి కుడికన్ను చూపు పోయింది. అయినా 1940ల్లో, 1955 దాకా ఆ లీగ్‌లో రెఫరీగా నిలబడ్డాడు. జనం గోలలో మాట వినబడక ఏ తప్పుకు శిక్ష వేశాడో చేతులతో చూపడం మొదలుపెట్టాడు. మణికట్టు పట్టుకుంటే పట్టడం, కాలు తడితే అడ్డం పెట్టడం. నేడు అంతటా ఉన్న ఆ సైగలకు మూలం ఆయనే అంటారు. శిక్ష వేయడం ఒక పని, ఎందుకు వేశామో అందరికీ తెలిసేట్టు చేయడం ఇంకో పని. రెండోది చేయని అంపైరు మొదటిది చేయకపోవడమే మేలు.

మన దగ్గరికి కార్డులు ఫుట్‌బాల్, మైదాన హాకీల దారిలో వచ్చాయి. 1970 మెక్సికో ప్రపంచ కప్పులో ఫుట్‌బాల్ పసుపు, ఎరుపు కార్డులు మొదలయ్యాయి. హాకీవాళ్లు ఆకుపచ్చ కలిపారు, ఆకుపచ్చకు త్రికోణం, పసుపుకు చతురస్రం, ఎరుపుకు గుండ్రం అని ఆకారాలు కూడా ఇచ్చారు. కబడ్డీలో ఆకుపచ్చ హెచ్చరిక. పసుపు పడితే రెండు నిమిషాలు బయట. ఎరుపు పడితే ఆ ఆటకు ఇక లేడు. మెదక్ జిల్లా పోటీల్లో మొదటిసారి పసుపు కార్డు చూపినప్పుడు జట్టు నాయకుడు నా దగ్గరికి వచ్చి, “సార్, మావోడు ఔటే కాలే, ఎందుకు కూసోవెడ్తున్రు?” అన్నాడు. వాడి బాధ నిజమైనది. అప్పటిదాకా ఆ పిల్లలకు బయట కూర్చోవడమంటే ఔటవడమే, తోటివాళ్లు బతికించుకోగలిగినదే. ఈ కొత్త శిక్షను ఎదుటివాడిని ఔట్ చేసి తీర్చలేరు. గడియారం ఒక్కటే తీర్చాలి. సంజీవనిలో పెరిగిన ఆటలోకి గడియారం శిక్ష వచ్చి చేరింది.

తక్కువ మందితో ఆడే జట్టు మీద రెండు ఆటలూ చూపే దయ గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. ఐస్ హాకీలో తన సగం నుంచి పక్‌ను ఊరికే అవతలి చివరికి కొట్టేస్తే ఆట ఆపి వెనక్కి తెస్తారు. ఒకడు తక్కువైన జట్టుకు మాత్రం ఆ తప్పు లెక్క లేదు, ఊపిరి పీల్చుకోవడానికి కొట్టేయవచ్చు. అందుకే పూర్తి జట్టుకు దొరికే రెండు నిమిషాల అవకాశాల్లో సుమారు ఐదింట ఒకటి మాత్రమే గోలుగా మారుతుంది. కబడ్డీలో కోర్టు మీద ఆరుగురు, అంతకు మించి ఉంటేనే కూతకు వచ్చినవాడికి బోనస్ గీత చెల్లుతుంది. ఐదుగురికి తగ్గితే ఆ సులువైన పాయింటు లేదు. ముగ్గురు, అంతకు తక్కువ మంది ఉండి కూడా పట్టు పట్టగలిగితే ప్రో కబడ్డీలో ఒకటికి రెండు పాయింట్లు, దాన్నే సూపర్ ట్యాకిల్ అంటారు. శిక్ష పడినవాడిని ముంచకుండా, వాడి తోటివాళ్లకు పట్టుదల చూపే వీలు ఇచ్చే నియమాలు ఇవి. గెలిచే జట్టు కట్టకడపటి ముగ్గురి ముందు జంకడం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

2014లో ప్రో కబడ్డీ వచ్చాక ఈ మాటలన్నీ మా ఊళ్లలో ఇంటింటి మాటలయ్యాయి. తెలుగు టైటాన్స్ ఆట ఉన్న రాత్రి చెరుకు లారీల డ్రైవర్లు కూడా 65వ జాతీయ రహదారి పక్క హోటళ్లలో టీవీ ముందు ఆగుతారు. 2024 అక్టోబరు 18న పదకొండో సీజను గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే మొదలైనప్పుడు ఇక్కడినుంచి పిల్లలు బస్సెక్కి పోయారు. ముప్పై సెకన్లలో కూత ముగించాలన్న నియమం, వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడో కూతలో పాయింటు తేవాలి లేకపోతే ఔట్ అన్న నియమం ఇప్పుడు ఆరో తరగతి పిల్లకు కూడా తెలుసు. ఏమీ చేయకపోవడానికి కూడా శిక్ష ఉండాలని ఆట తీర్మానించుకుంది. మంచు ఆటలోనూ 2005 నుంచి తన చివర ఇరుక్కున్నవాడు పక్‌ను నేరుగా అద్దం మీదుగా బయటికి కొడితే రెండు నిమిషాలు. కాలయాపనకు రెండు చోట్లా గేట్లు పడ్డాయి.

నియమం రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంటే ఏమవుతుందో 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌలో లోకమంతా చూసింది. ఆసియా క్రీడల పురుషుల ఫైనల్, భారత్, ఇరాన్, 28–28. చివరి నిమిషాల్లో పవన్ సెహ్రావత్ తప్పనిసరి కూతకు పోయాడు. ఎవరినీ తాకకుండానే కోర్టు పక్కనుండే లాబీ పట్టీలో కాలు పడింది. అతన్ని పట్టడానికి ఇరాన్ వాళ్లు వెంటబడి లాబీలోకి వచ్చారు. పాత నియమం ప్రకారం వెంట వచ్చినవాళ్లు కూడా ఔట్. ప్రో కబడ్డీ వాడే కొత్త నియమం ప్రకారం కూతకు పోయినవాడు ఒక్కడే ఔట్. ఎన్ని పాయింట్లు ఎవరికి అన్న దగ్గర తీర్పు మారింది, మళ్లీ మారింది. ఆటగాళ్లు కోర్టు మీద కూర్చున్నారు. గంట సేపు ఆట ఆగింది. చివరికి భారత్ 33–29తో గెలిచింది. మూడు రోజుల్లోపే పవన్‌ను వేలంలో తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తీసుకుంది, మా పిల్లలు గంతులేశారు. నేను సంతోషించలేకపోయాను. ఆ గంటలో నాకు కనిపించింది మా న్యాల్‌కల్ గట్టు మీద పెద్దల వాదనే: సచ్చినోడు ఎవడు, బతికినోడు ఎవడు. స్వర్ణ పతకం నా దేశానికే వచ్చినా, ఇరాన్ పిల్లల కళ్లలో నీళ్లు చూసి అంపైరుగా తల దించుకున్నాను.

రిటైరయ్యాక ఇప్పుడు మండల స్థాయి పోటీలకు కొత్త అంపైర్లను తయారుచేసే పని చూస్తున్నాను. బాగారెడ్డి స్టేడియంలో పొద్దున్నే కలుస్తాం. కొన్ని ప్రైవేటు టోర్నమెంట్లలో గొడవ చేసిన జట్ల నుంచి డిపాజిట్ డబ్బులు గుంజుకోవడం, లేదా జట్టునే ఇంటికి పంపేయడం చూస్తున్నాను. పేద పిల్లల జట్టుకు డబ్బు జరిమానా అంటే ఇంటిదాకా పోయే శిక్ష. డబ్బున్న జట్టుకు అది శిక్షే కాదు. పసుపు కార్డు, రెండు నిమిషాలు, ఖాళీ చోటు, ఇవి వాడండి, మొదటి పది నిమిషాల్లోనే వాడండి, అని కొత్తవాళ్లకు చెబుతాను. ఆట ఆగితే గడియారం ఆపండి, రెండు నిమిషాలు ఆడిన నిమిషాలే కావాలి అని కూడా.

ఈమధ్య వాళ్ల ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. మంచు ఆటలో గోలు పడగానే మైనర్ శిక్ష తీరిపోయినట్టు, మన చిన్న పిల్లల పోటీల్లో లోనా పడితే పసుపు కార్డు వాడిని లోపలికి రానిస్తే ఎట్లా ఉంటుంది? ఒక్క పాయింటుతో తీర్చలేం, మన ఆటలో పాయింటు ప్రతి కూతకూ వస్తుంది. లోనా అయితే గోలంత బరువు ఉంటుంది. కోహిర్ నుంచి వచ్చే కొత్త అంపైరు, చెప్పే మాట సూటిగా చెప్పే అమ్మాయి, చెయ్యెత్తింది. “సార్, కోర్టు మీద ఇద్దరే మిగిలినప్పుడు వాళ్లు కావాలనే ఔటయ్యి లోనా ఇచ్చేస్తే? మంచి ఆటగాడు రెండు నిమిషాలు కాకముందే వస్తడు గద.” రెండు పాయింట్లు పోతాయి కదమ్మా అన్నాను. “ఆ రెండు పాయింట్లు ఆయన రెండు కూతల్లో తెస్తడు సార్” అంది. మిగతావాళ్లు ఆమె వైపే నిలబడ్డారు. ప్రతిపాదన అక్కడే ఉంది. మళ్లీ ఆదివారం దాన్ని పక్కపక్కన రెండు కోర్టుల్లో, ఒకదానిలో పాత పద్ధతి, ఒకదానిలో కొత్త పద్ధతి పెట్టి, తొమ్మిదో తరగతి పిల్లలతో ఆడించి చూడాలని అనుకున్నాం.